బుద్ధితీగ

ప్రయోగశాలలో ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా మూడు రోజులుగా గాల్లో వేలాడుతోంది. దాన్ని మోస్తున్నది నిమ్మకాయంత మోటారు. ఆ మోటారుకున్న బ్యాటరీ తీగలు పీకేసి కూడా మూడు రోజులే అయింది.

"చెయ్యి పెట్టి చూడండమ్మా, పరవాలేదు, పెట్టండి!" అన్నారు ప్రొఫెసర్ కృపానందం. అరవై దాటిన ఆ పెద్దమనిషి బస్తా చుట్టూ పెళ్లిపందిట్లో పిల్లాడిలా తిరుగుతున్నారు.

భూలక్ష్మి మోటారు మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. ఇరవై ఏళ్లుగా కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన రాగి చుట్లు పీకి, కొత్తవి చుడుతున్న చెయ్యి అది. బరువు మోస్తున్న మోటారు చల్లగా ఉండడం ఆ చేతికి ఇంతవరకూ తెలియని సంగతి. ఆమె గబుక్కున చెయ్యి తీసేసి, మళ్లీ పెట్టి చూసింది.

"ఇది మోటరేనా సారూ, దయ్యమా?"

ప్రొఫెసర్ పడీపడీ నవ్వారు. నవ్వాగాక మాస్టారి గొంతు పెట్టారు. "మీ బోరు మోటారుకు వోల్టేజీ ఏం చేస్తుంది, కరెంటు ఏం చేస్తుంది? చెప్పండి చూద్దాం."

ఆమె చదువు తొమ్మిదో తరగతితో ఆగింది గానీ ఈ ప్రశ్నకు తడుముకోలేదు. "ఓల్టేజీ ఉరికిస్తది, కరెంటు గుంజుతది. లైను చివర బోర్లకు ఓల్టేజీ సరిగ్గ అందదు. మోటరు నెమ్మదైతది, మూలుగుతది. నీళ్ల బరువు తగ్గదు గద, అందుకని కరెంటు ఎక్కువ మింగుతది. మింగి మింగి మాడిపోతది. రైతు మా కొట్టుకాడికి మోసుకొస్తడు."

"నూటికి నూరు మార్కులు! ఆ గుంజుడునే మేం టార్క్ అంటాం. తిప్పే బలం. ఎంత కరెంటో అంత బలం. కానీ రాగి కరెంటును ఊరికే పోనివ్వదు, అడుగడుగునా రాపిడి పెడుతుంది. ఆ రాపిడే వేడి. ఈ తీగలో రాపిడి లేదమ్మా! ఒకసారి లోపల పడ్డ కరెంటు ఆపేవాడు లేక అలా తిరుగుతూనే ఉంటుంది. అది తిరిగినంతకాలం పట్టు వదలదు. బ్యాటరీతో పనిలేదు."

భూలక్ష్మి బస్తాను కిందినుంచి పైకి చూసింది. మోటార్ల పని చేసేవాళ్లకే తట్టే ప్రశ్న ఒకటి ఆమెకు తట్టింది. "మరి దింపుడెట్ల?"

దానికో బటనుంది. అది నొక్కితే తీగలో గింజంత చోటు వేడెక్కుతుంది. వేడెక్కినచోట తీగ మామూలు తీగైపోతుంది, తిరిగే కరెంటు అక్కడ అరిగిపోతుంది. ప్రొఫెసర్ బటన్ నొక్కారు. భూలక్ష్మి అలవాటుగా లోపల లెక్కపెట్టుకుంది. నలభై దగ్గర బస్తా నెమ్మదిగా నేల తాకింది.

"దింపనీకి గింత సేపా?"

"మూడు రోజులు మోసినదానికి నలభై సెకన్లు ఎక్కువా అమ్మా!" అన్నారాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తలచుకుని ఇద్దరూ తర్వాత చాలాసార్లు సిగ్గుపడ్డారు.

ఇంత చదువుకున్న ప్రొఫెసర్ హైదరాబాదులోని తన ప్రయోగశాల వదిలి మోత్కూరు రోడ్డు మీది ఆమె రేకుల కొట్టు దాకా వెళ్లి, ఆమెను ఇక్కడికి పిలుచుకురావడానికి కారణం ఒక్కటే. కాళ్లు పడిపోయినవాళ్లను నడిపించే చట్రాలకు ఆ మోటార్లు పెట్టాలని ఆయన కల, కానీ వెంట్రుకంత సన్నటి ఆ తీగను చుట్టమని యంత్రానికిస్తే తెగుతోంది. బిగువు ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో తెలిసిన వేళ్లు కావాలి. ఆయన ఊరూరా విచారిస్తే, నీళ్లలో మునిగే మోటార్లను చేత్తో చుట్టే ఆడమనిషి ఒకామె ఉందని ముగ్గురు రైతులు మూడు ఊళ్లలో ఒకే పేరు చెప్పారు.

భూలక్ష్మి ఒప్పుకుంది. ఒకే షరతు పెట్టింది. "మొదటి జత మా ఆయన కాళ్లకు."

*

ఆమె భర్త శ్రీశైలం కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు బిగించాడంటే అరవై అడుగుల తాటిచెట్టు ఆయనకు ఇంటి మెట్టుతో సమానం. రెండేళ్ల కింద వానకు నానిన చెట్టు మీద కాలు జారింది. బతికాడు గానీ నడుము కింద ఏదీ తనది కాకుండా పోయింది. గిచ్చినా తెలియదు, కాలినా తెలియదు.

అప్పట్నుంచీ కొట్టులోనే కూర్చుంటాడు. మోటారులో తీగకూ ఇనుముకూ మధ్య పెట్టే కాగితం కత్తిరిస్తాడు, భార్య చుడుతుంటే చుట్లు లెక్కపెడతాడు. ఆమె వేళ్లు, ఆయన లెక్క. ఇద్దరి మధ్య రెండేళ్లలో ఒక్క చుట్టు తప్పలేదు. ఆయన మోకు మాత్రం గోడ మేకుకు వేలాడుతూనే ఉంది. దాన్ని తీసి లోపల పెట్టమని ఎవరైనా అంటే కస్సుమంటాడు.

"బియ్యం బస్తా మోసిందా? నిజంగనే?" అన్నాడు ఆ సాయంత్రం, మూడోసారి.

"నా కండ్లతోని చూసిన."

"నేను రెండు బస్తాలు ఉంట గదనే."

"రెండు మోకాళ్లు, రెండు తుంట్లు. నాలుగు మోటర్లు. లెక్క సరిపాయె."

శ్రీశైలం గోడమీది మోకువైపు చూసి, మళ్లీ కాగితం కత్తిరించడం మొదలుపెట్టాడు. ఈసారి కాగితం వంకరగా తెగింది. భూలక్ష్మి చూసీ చూడనట్టు ఇంకో కాగితం అందించింది.

*

మోటార్లు చుట్టడం నాలుగు నెలలు పట్టింది. తుంటి మోటార్లు రెండూ, కుడి మోకాలిదీ తయారయ్యాక ప్రొఫెసర్ రాపిడి కొలిచే మీటరు పెట్టి చూశారు. తుంటివి రెండూ సున్నా చూపించాయి. కుడి మోకాలిది చూపించలేదు. ఆయన ముఖం మాడిపోయింది. చుట్లు విప్పించి చూస్తే, తీగ చివర, నూలు గొట్టం కింద, వేలెడు పొడుగు రాగి ముక్క అతికించి ఉంది.

"ఇదేంటమ్మా?"

భూలక్ష్మి నాలుక్కరుచుకుంది. "అలవాటుల పెట్టిన సారూ. గది బుద్ధితీగ."

సంగతేమిటంటే, ఫ్యూజు పోయినప్పుడల్లా రైతులు దాని స్థానంలో చేతికందిన లావుపాటి తీగ బిగించేస్తారు. ఎంత చెప్పినా వినరు, చేను ఎండుతుంటే ఎవరు మాత్రం వింటారు? ఆ తర్వాత ఏదైనా అడ్డంపడి మోటారు ఆగితే దాని పని అయిపోయినట్టే. తిరిగే మోటారు తనలోకొచ్చే కరెంటును కొంత వెనక్కి తోస్తుంది. ఆగిపోయిన మోటారుకు ఆ ఎదురుతోపు ఉండదు. కరెంటు వరదలా వచ్చిపడి చుట్లన్నీ మాడతాయి. అందుకని భూలక్ష్మి తండ్రి ఒక ఉపాయం పట్టాడు. ఎవరికీ చెప్పకుండా మోటారు లోపలే ఓ సన్నటి రాగి ముక్క దాచేవాడు. ఆపదొస్తే ఆ ముక్క ఒక్కటే కాలి తెగుతుంది, మిగతా చుట్లు బతుకుతాయి. ముక్క మార్చడం పది నిమిషాల పని. మోటారుకు బలముంటది గానీ బుద్ధి ఉండదు, అది మనమే పెట్టాలె అనేవాడాయన. ఆ కొట్టునుంచి బుద్ధితీగ లేని మోటారు ఒక్కటి కూడా బయటికి పోలేదు.

ప్రొఫెసర్ ఓపిగ్గానే విన్నారు గానీ ఒప్పుకోలేదు. "ఇందులో అంగుళం రాగి ఉన్నా కరెంటు అక్కడే అరిగిపోతుంది. బ్యాటరీ లేకుండా నిలబెట్టడమనే మాటే ఉండదు. మూడు రోజులు నిలబడాల్సింది, బ్యాటరీ తాగుతూ మూడు గంటలకు దిగుతుంది. ఆపదకు మన బటన్ ఉందిగా! తీసెయ్యండమ్మా."

ఆమె తీసేసింది. కుడి మోకాలిది మళ్లీ చుట్టింది, మీటరు సున్నా చూపించింది, ఆయన ముఖం వెలిగింది. ఇక మిగిలింది ఎడమ మోకాలు. దాన్ని ఆఖరి వారం ఇంటి దగ్గరే, శ్రీశైలం లెక్కపెడుతుంటే చుట్టింది. ఆ రోజుల్లో ఆయన లెక్క పాటలా సాగేది. నూట నలభై, నూట నలభై ఒకటి, మధ్యలో ఊళ్లో కబుర్లు, నూట నలభై రెండు. నిలబడితే ముందేం చేస్తావని ఆమె అడిగితే, "నీకన్న పొడుగున్ననా లేదా చూసుకుంట, మర్చిపోయిన," అన్నాడు. ఆమె నవ్వింది. ఆమె నవ్వుతూంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఎడమ మోకాలి మోటారుకు మీటరు పెట్టాలని ప్రొఫెసర్‌కు తోచలేదు. తెల్లారితే ప్రయోగం. ఆయన అప్పటికే ఆనందంలో ఈదుతున్నారు.

*

ప్రయోగశాల హాల్లో రెండు పక్కలా పట్టుకోవడానికి ఇనుప గొట్టాలు పాతారు. ముందు మూడు చెక్కమెట్లు. శ్రీశైలానికి నడుమునుంచి పాదాల దాకా చట్రం బిగించారు. చేతికర్రల మీద రెండు మీటలు, కుడికాలికొకటి, ఎడమకాలికొకటి. గోడమీది తెర మీద నాలుగు మోటార్ల కరెంటు నాలుగు అంకెలుగా కనబడుతుంది.

"సిద్ధమేనా అయ్యా?" అన్నారు ప్రొఫెసర్.

"రెండేండ్ల కెళ్లి సిద్ధంగనే ఉన్న సారూ."

మీటలు నొక్కాడు. తెరమీద అంకెలు అయిదు, ఏడు, ఎనిమిది అయ్యాయి. చట్రం కిర్రుమంది. కుర్చీలో ఉన్న తల భూలక్ష్మి భుజం దాకా, చెవి దాకా, ఆ పైదాకా లేచింది. శ్రీశైలం నిలబడ్డాడు!

ఆమె తల ఎత్తి చూడాల్సొచ్చింది. మొగుడి ముఖం కోసం తల ఎత్తి రెండేళ్లయింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి, తుడుచుకుంటే ఒక్క క్షణం చూడకుండా పోతుందని తుడుచుకోలేదు.

"పొడుగే ఉన్న," అన్నాడాయన.

అడుగు వేశాడు. ఇంకోటి. ప్రొఫెసర్ చప్పట్లు కొడుతూ వెనకడుగులేస్తున్నారు. అంకెలు పన్నెండుకూ పద్దెనిమిదికీ మధ్య ఆడుతున్నాయి. "ఎడమ మోకాలు కొంచెం ఎక్కువ తాగుతోంది. అటు బరువేస్తున్నట్టున్నారు," అనుకున్నారాయన. మొదటి మెట్టు ఎక్కాడు. రెండోది ఎక్కాడు. హాలు హాలంతా ఊగిపోతోంది.

మూడో మెట్టు దగ్గర కుడి బొటనవేలు చెక్క అంచు కింద ఇరుక్కుంది.

శ్రీశైలానికి ఆ సంగతి తెలియదు. తెలిపే దారి ఆయన ఒంట్లో తెగిపోయి రెండేళ్లయింది. మీటలు ఇంకా గట్టిగా నొక్కాడు. కాలు కదల్లేదు, మోటార్లు ఆగాయి. ఆగిన మోటారుకు ఎదురుతోపు లేదు. ఇరవై రెండు, ఇరవై ఎనిమిది, ముప్పై ఒకటి.

"ఎంత పట్టుందో చూశారా!" అని ప్రొఫెసర్ అరిచారు. "ఇంత బలం ఇంతవరకూ రాలేదు!"

అప్పుడు వాసనొచ్చింది. వార్నిష్, మాడిన నూలు. ఎడమ మోకాలి దగ్గర చిటుక్కుమంది. ఆ మోకాలు మెత్తగా వదిలేసింది. తెరమీద దాని అంకె సున్నా అయింది. భూలక్ష్మి కేకేసింది.

"ఆపుండ్రి సారూ! మోటరు కాలుతున్నది!"

"మన తీగకు వాసన ఎక్కడిదమ్మా? అది కాలదు!"

"అది కాలదు! రాగి కాలింది! ఆపుండ్రి!"

ఆయన బ్యాటరీ ఆపేశారు. కుడి మోకాలి అంకె తగ్గలేదు. అప్పటికే ఎక్కిన నలభై అయిదు దగ్గర అలాగే నిలబడింది. దింపుడు బటన్ నొక్కారు. గింజంత చోటు వేడెక్కడం మొదలైంది. నలభై సెకన్లు. ఇంతలో శ్రీశైలం, కాలు విడిపించుకుందామని నవ్వుకుంటూ ముందుకు తూగాడు. అవతలినుంచి నెట్టేకొద్దీ ఇవతల కరెంటు పెరుగుతుంది. యాభై రెండు, అరవై.

"ఏం బలమే లక్ష్మీ! ఏనుగు కాలున్నట్టున్నది నాకు!" అంటున్నాడు. ఆ కాలి పిక్క చట్రం లోపల ఏ మనిషి కాలూ వంగని వైపు వంగుతోంది.

ఆమె లెక్కపెట్టలేదు. బల్లమీది కటింగ్ ప్లేయర్ అందుకుని, మెట్ల మీదికి దూకి, కుడి మోకాలి చుట్లు బయటికొచ్చే చోట పట్టుకుని కత్తిరించింది. లోపల తిరుగుతున్న కరెంటంతా ఆ తెగిన చోటనుంచి ఒక్కసారి బయటికొచ్చింది. నీలం మెరుపు. ఆమె కేక. నాలుగు నెలల పని బూడిద. మోకాలు వదిలేసింది, శ్రీశైలం ఆమె మీద పడ్డాడు, ఇద్దరూ కలిసి మెట్ల కింద కూలబడ్డారు.

"ఏమైందే? నాకేం కాలే, నాకేం కాలే," అంటున్నాడాయన. నిజంగానే ఆయనకేమీ తెలియలేదు.

*

ముంగాలి ఎముక చిట్లింది. రెండేళ్లు బరువు మోయని ఎముక పెళుసైపోతుందని, ఇంకో క్షణం ఆగితే రెండు ముక్కలై తోలు చీల్చుకునేదని డాక్టరు చెప్పాడు. భూలక్ష్మి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కాలాయి. తోలు మళ్లీ వచ్చింది, స్పర్శ రాలేదు. తీగ బిగువు చూసే వేళ్లు అవే.

ఆ సంగతి తెలిసిన రోజు ఆమె కొట్టులో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. తండ్రి ఇచ్చిన విద్య మొత్తం ఆ రెండు వేళ్లలోనే ఉండేది. శ్రీశైలం పిండికట్టు కాలితో పక్కన కూర్చుని, ఆ వేళ్లు తన చేతిలోకి తీసుకున్నాడు.

"నాకు కాళ్లు తెల్వయి, నీకు వేళ్లు తెల్వయి. ఇగ మనిద్దరం సరిజోడు," అన్నాడు. ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది, దాంతో ఇంకా ఏడ్చింది.

ప్రొఫెసర్ వారం తర్వాత వచ్చారు. ఎడమ మోకాలి మోటారు చేతిలో ఉంది, విప్పి ఉంది. నూలు గొట్టం కింద కాలి తెగిన రాగి ముక్క. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న ముఖం ఆయనది. అయితే కాలినవి ఆయన చేతులు కావు, అదే ఆయన్ని తినేస్తోంది.

"ఇది మీరు కావాలని పెట్టారా అమ్మా?"

"నేను పెట్టలే సారూ. నా చెయ్యి పెట్టింది. వాసనొచ్చినంక నాకు ఎర్కైంది."

ఆయన ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పారు. "రాపిడి లేని తీగ కోసం ముప్పై ఏళ్లు తిరిగాను. రాపిడి ఎందుకుందని ఒక్కరోజూ అడగలేదు. ఆ తీగకు వేడి తెలియదు, ఆయన కాలికి నొప్పి తెలియదు. ఆ రెంటినీ తెచ్చి ఒకచోట కట్టాను. నన్ను క్షమించండి."

"క్షమాపణ తర్వాత చెప్తురు గని," అన్నాడు శ్రీశైలం, కుర్చీ ముందుకు జరుపుకుని. "తీగ ఇంక మిగిలిందా?"

*

ఈసారి చుట్టింది శ్రీశైలం. రెండేళ్లు పక్కన కూర్చుని చూసిన పని. మోకు బిగువు తెలిసిన చేతులకు తీగ బిగువు మొదట్లో అంతుపట్టలేదు. ఎనిమిదిసార్లు తెంపాడు. భూలక్ష్మి తిట్టిపోసింది. తొమ్మిదోసారి తీగ నిలిచింది. ఇప్పుడు ఆయన వేళ్లు, ఆమె లెక్క.

బుద్ధితీగ దగ్గర మాత్రం ఇద్దరికీ పెద్ద జగడమైంది. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నం, ఆయనకు లావుది కావాలి.

"ఇరవై రెండో నంబరు వెయ్యి. జర బలముండాలె గద."

"ఇరవై అయిదు. కరెంటు ముప్పై దాటితె తెగుతది. నీ ఎముక ఎంత ఓర్సుకుంటదో అంతే."

"మాటిమాటికి తెగుతదే!"

"తెగనీ. అదే దాని పని."

బ్యాటరీ మూడు గంటలకు మించి రాదు. మూడు రోజుల అద్భుతం పోయింది. ప్రొఫెసర్ తన కాగితాల్లో ఆ సంగతి దాచలేదు. మోటారు బొమ్మ పక్కన రాగి ముక్కకు బాణం గీసి, తెలుగులోనే "బుద్ధితీగ" అని రాసుకున్నారు.

ఎండాకాలం పొద్దున ముగ్గురూ తాళ్లవనంలో నిలబడ్డారు. శ్రీశైలం నిజంగానే నిలబడ్డాడు, చట్రంలో. గోడమీది మోకు దిగొచ్చి ఆయన నడుముకూ చెట్టుకూ చుట్టుకుంది. చెట్టు కొన మీదుగా ఇంకో తాడు వేసి, ఒక కొస ఆయనకు కట్టి, రెండో కొస ఇద్దరు తోటి గీత కార్మికులు కిందినుంచి పట్టుకున్నారు. భూలక్ష్మి కొంగు వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఒద్దని అనాలని నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేసింది.

ఈసారి మోకుకే బిగించిన మీట నొక్కాడు. మోకాలు నిటారైంది, మోకు పైకి జరిగింది. ఒక జాన. ఇంకో జాన. పాదాలు చెట్టును తన్నుకుంటూ పైకి పోతున్నాయి, చేతులు మోకును ఎప్పటిలాగే ఎగరేస్తున్నాయి. నిలువెత్తు దాటాడు. రెండు నిలువులు. కింద మనుషులు ఈలలేశారు. ప్రొఫెసర్ మెడ నొప్పెట్టేలా తలెత్తి, "జాగ్రత్తయ్యా! బాబూ జాగ్రత్త!" అని ఒకటే గోల.

చిటుక్కుమంది.

వార్నిష్ వాసన కిందిదాకా వచ్చింది. ఎడమ మోకాలు మెత్తగా వంగింది. శ్రీశైలం మోకులో వెనక్కి వాలి, పాదం ఒక తాటిమట్ట మొదలు కింద ఇరుక్కోవడం అప్పుడు చూసుకున్నాడు. కాలు చేత్తో తీసి పక్కన పెట్టుకున్నాడు. తోటివాళ్లు తాడు వదులుతుంటే బియ్యం బస్తాలా, కానీ నలభై సెకన్లు పట్టకుండా, నేలమీదికి దిగాడు. ఎముకకు ఏమీ కాలేదు.

భూలక్ష్మి ఊపిరి అప్పుడు తీసుకుంది. ఆయన పైకి చూశాడు. అరవై అడుగుల చెట్టులో ఎక్కింది పన్నెండు. కళ్లు మెరుస్తున్నాయి.

"ఇంకెన్ని ముక్కలు తెచ్చినవే?"

ఆమె టిఫిన్ డబ్బా మూత తీసింది. వేలెడు పొడుగు రాగి ముక్కలు, అంచుదాకా.

"అయితె మళ్ల వెయ్యి," అన్నాడు శ్రీశైలం, మోకు మళ్లీ బిగిస్తూ.